చొక్కాకు ఏడు కాజాలు

ఉన్న చోటు,
తొమ్మిదో రోజు

అక్కా,

ఊరి పేరు రాయకూడదన్నారు. అందుకే పైన అలా రాశాను. నేను క్షేమం.

నీలా నాకు మాటలు దొరకవు. రోజువారీ పుస్తకంలో రాసుకున్నది చూసి రాస్తున్నాను. ఇక్కడ రెండు గదులున్నాయి. వీధి వైపు కిటికీకి మందపాటి తెర ఉంది, తియ్యకూడదు. వంటగది కిటికీ తియ్యొచ్చు, దాని ఎదురుగా గోడ. కేంద్రం నుంచి వచ్చిన ఆఫీసర్లు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ కాపలా ఉంటారు. నాకు కొత్త పేరు పెట్టారు. అది నీకు కూడా చెప్పకూడదు. ఎవరైనా పిలిస్తే మూడో పిలుపుకు పలుకుతున్నాను. "పేరైతే మార్చాం గానీ చెవులు పాతవే ఉన్నాయి" అని పొడుగు ఆఫీసరు నవ్వాడు.

నేను రాసిన కాగితం నీకు చేరదు. ఒక ఆఫీసరమ్మ దాన్ని చూసి తన చేత్తో మళ్ళీ రాస్తుంది. పై ఆఫీసరు చదివి సరేనంటే ఆ నకలు నీకు ఇస్తుంది. నీ ఉత్తరాలకూ అదే పద్ధతి. నా చేతిరాత వంతెన కాంట్రాక్టరు మనుషులకు తెలుసు, కాగితాన్ని బట్టి కూడా ఊరు పట్టెయ్యొచ్చట. కాబట్టి ఇందులో రాత గుండ్రంగా ఉంటే ఆ గొప్ప నాది కాదు.

కేసు కోర్టుకు వచ్చేదాకా ఇంతే. నాలుగు నెలలు పట్టొచ్చన్నారు. లారీలు తూచే కాటా దగ్గర నేను రాసుకున్న పుస్తకాలు వాళ్ళ బీరువాలో ఉన్నాయి. అవి నావేనని, అందులో ఉన్నదంతా కళ్ళతో చూసి రాసిందేనని నేను నిలబడి చెప్పాలి. నేను చెప్పకపోతే అవి చిత్తు కాగితాలు.

నువ్వు వేళకు తిను.

తమ్ముడు

*

కుట్టుగది,
బుధవారం

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. రాత బాగుంది, మాటలు మాత్రం నీవే. ఎవరో అప్పిచ్చినట్టు లెక్కపెట్టి వాడావు. మీ బావ ఉంటే, "నీ తమ్ముడితో నాలుగు ముక్కలు మాట్లాడించాలంటే వారం ముందు అర్జీ పెట్టుకోవాలి" అనేవాడు.

మీ ఆఫీసరమ్మ బాగానే ఉంది. నన్ను కనుక్కోవడానికైనా, ఉత్తరం తేవడానికైనా బట్టలు కుట్టించుకునే మనిషిలా వస్తుంది. వచ్చినప్పుడల్లా అదే కోటు. చేతులు పొట్టి చెయ్యమంటుంది. ఇప్పటికి మూడుసార్లు చేశాను. ఇంకో రెండుసార్లు వచ్చిందంటే ఆ కోటు కాస్తా బనియనవుతుంది. ఇది కూడా ఆవిడే కదా నకలు రాసేది. రాయనీ.

మీ బావ బస్సుతో సహా నీళ్ళలోకి పోయి ఎనిమిది నెలలు. ఇరవై ఏడు మందిని మింగిన వంతెన చుట్టూ ఇప్పుడు రేకులు కట్టారు, ఎవరూ చూడకుండా. నేను రోజూ అటే పోయి చూస్తున్నా. రేకులే చూస్తున్నా. నువ్వు మాట్లాడే రోజు కోసం బతుకుతున్నాననుకో.

మిషన్ తొక్కుతుంటే కాస్త ఆయాసం వస్తోంది. వయసు. పక్కింటి టీచరమ్మ అంచులు మడిచి కుట్టి పెడుతోంది. కాజాలు మాత్రం ఎవరికీ ఇవ్వను. మొన్న ఒకాయన, "మిషన్ మీద కొట్టెయ్యమ్మా, నిమిషంలో అయిపోతుంది" అన్నాడు. మిషన్ కాజా పెట్టుడు పళ్ళలాంటిది నాయనా, వరసగా ఉంటుంది గానీ గుండీని పట్టుకోదు అని చెప్పా.

కూర నువ్వే వండుకుంటున్నావా, ఆ పొడుగు ఆఫీసరు వండుతున్నాడా? ఎవరు వండినా ఉప్పు చూసి తిను. నీకు చెప్పకుండా తినడం అలవాటు.

అక్క

*

ఉన్న చోటు,
ముప్పై ఒకటో రోజు

అక్కా,

నీ ఉత్తరం చేరడానికి నేను రాసిన రోజు నుంచి పంతొమ్మిది రోజులు పట్టింది. పుస్తకంలో రాసుకున్నాను.

ఇక్కడ తూచడానికి ఏమీ లేదు. పన్నెండేళ్ళు లారీలు తూచిన చెయ్యి ఊరుకోదు. అందుకని మనుషుల్ని చూపుతో తూస్తున్నాను. పొడుగు ఆఫీసరు డెబ్భై ఎనిమిది కిలోలన్నాను. ఆయన బయట తూయించుకొచ్చాడు. డెబ్భై ఎనిమిదిన్నర. అప్పట్నుంచి కొత్తగా కాపలాకు వచ్చిన ప్రతివాణ్ణీ నా ముందు నిలబెడుతున్నాడు. లారీ డ్రైవర్లు నన్ను కాటాబాబు అనేవాళ్ళని చెప్పాను. ఇప్పుడు వీళ్ళూ అలాగే పిలుస్తున్నారు. కొత్త పేరు ఎవరికీ గుర్తు లేదు.

నిన్ను ఒకసారి చూడాలని అడిగాను. కుదరదన్నారు. నిన్ను కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు నీ వెనకే నా దాకా వస్తారట. కోర్టు అయ్యాక ఎంతసేపైనా కూర్చోవచ్చన్నారు.

నీతో ఎదురుగా కూర్చుని చెప్పాల్సినది ఒకటి ఉంది. దాని కోసమే అడిగాను. ఇంకొకరు నకలు రాసే కాగితం మీద పెట్టలేను.

ఆయాసం అన్నావు. డాక్టరుకు చూపించు.

తమ్ముడు

*

కుట్టుగది,
శనివారం

తమ్ముడూ,

డాక్టరుకు చూపించా. మందులిచ్చాడు. సరిపోయింది, ఆ సంగతి వదిలెయ్.

పోయిన వారం షాపుకి ఒకతను వచ్చాడు. చొక్కా కుట్టాలన్నాడు. కొలతలు తీసుకుందామని టేపు పట్టుకుంటే చేతులు ఎత్తడే. "మీ తమ్ముడి కొలతలకే కుట్టండి, మా ఇద్దరిదీ ఒకటే సైజు" అన్నాడు. మా తమ్ముడు నీకెక్కడ తగిలాడు బాబూ అన్నా. "తగల్లేదమ్మా, తగులుతాడు" అన్నాడు. గుడ్డ ఇవ్వకుండానే పోయాడు. వాడు సందు మలుపు తిరిగేదాకా టేపు చేత్తో పట్టుకునే చూశా. ఆఫీసరమ్మకు చెప్పా. ఇప్పుడు ఎదురు మెట్ల మీద ఎవడో రోజంతా పేపరు చదువుతున్నాడు. మన కాపలావాడేనట. పేజీ తిప్పడం కూడా రాదు వాడికి.

నీకు మాత్రం చొక్కా మొదలుపెట్టా. కోర్టులో వేసుకోవడానికి. తెల్లది. కొలతలు నాకెందుకు. చిన్నప్పుడు గోడ మీంచి పడితే నీ ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుంది, ఆ చెయ్యి అరంగుళం పొట్టి. ప్రపంచంలో ఇంకే టైలరుకీ తెలియని కొలత అది.

ఇంకో మాట. ఆఫీసరమ్మ మొన్న మాటల్లో, "మీ తమ్ముడి పుస్తకాలు రెండేళ్ళవి ఉన్నాయి, ఒక్క రోజు కూడా తప్పలేదు" అంది మెచ్చుకోలుగా. నేనూ మురిసిపోయా. తర్వాత కాలరు కుడుతూ ఉంటే లెక్క తట్టింది. వంతెన తెరిచిన ఐదు నెలలకు కూలింది. రెండేళ్ళంటే అది కట్టేటప్పటి నుంచీ రాస్తున్నావన్నమాట.

ఏం రాశావు అందులో? ఎప్పటి నుంచి తెలుసు నీకు?

అక్క

*

ఉన్న చోటు,
యాభై ఎనిమిదో రోజు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఈసారి ఇరవై ఒక్క రోజులు.

ఇల్లు మారాం. పాత చోట మెట్ల మీద ఒకతను ఎదురై, "మిమ్మల్ని ఏదో కాటా దగ్గర చూసినట్టుందే" అన్నాడు. మామూలుగా అన్నాడో ఏమో. పొడుగు ఆఫీసరుకు చెప్పాను. పావుగంటలో నన్ను వ్యాను వెనక పడుకోబెట్టి దుప్పటి కప్పారు. నా సంచి అక్కడే ఉండిపోయింది. రోజువారీ పుస్తకం చొక్కా లోపల పెట్టుకున్నాను కాబట్టి మిగిలింది.

ఈ ఇంట్లో ఒకటే గది. పైన ట్యాంకు నిండినప్పుడు గోడలో నీళ్ళ చప్పుడు వస్తుంది. రోజుకు రెండుసార్లు.

ఆ చొక్కా కొలతలు అడిగినవాడు మళ్ళీ వస్తే షాపు మూసెయ్. చొక్కా కోసం అంత కష్టపడకు. ఆయాసం ఎలా ఉంది?

నువ్వడిగిన దానికి తర్వాత రాస్తాను.

తమ్ముడు

*

కుట్టుగది,
సోమవారం

తమ్ముడూ,

ట్యాంకులో నీళ్ళ చప్పుడు గురించి రాశావు. నేనడిగినదానికి రాయలేదు.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు మిషన్ సూది విరగ్గొట్టావు. ఆ సూదితోనే మనిద్దరం తినేవాళ్ళం. ముక్కలు తీసి పడేసి, ఏమీ ఎరగనట్టు నాలుగు రోజులు తిరిగావు. నేను ఎవరెవర్నో అనుమానించా. ఐదో రోజు అన్నం ముందు కూర్చుని, తినకుండా, "నేనే" అన్నావు. అప్పుడు కొట్టలేదు నిన్ను. నాలుగు రోజులు దాచినందుకు కొట్టాలో, ఐదో రోజు చెప్పినందుకు దగ్గరకు తీసుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు ఎన్ని రోజులైంది?

చొక్కా అవుతోంది. చేతులు ఎక్కించా. నేనడిగిన దానికి జవాబు రాసేదాకా నువ్వెలా ఉన్నావని అడగను.

అక్క

*

ఉన్న చోటు,
ఎనభై మూడో రోజు

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఇది నకలు రాసే ఆఫీసరమ్మ చదువుతుంది, పై ఆఫీసరు చదువుతాడు. చదవనీ.

ఇనుము తెచ్చే లారీల్లో ఒకదాని ముందు చక్రం పైరేకు మీద చేప బొమ్మ ఉండేది. పెయింటు పోయి ఒక కన్నే మిగిలింది. పొద్దున అది లోడుతో కాటా ఎక్కేది, తూచేవాణ్ణి, రిజిస్టరులో ఎక్కేది, లోపలికి వెళ్ళేది. అరగంటకు అదే చేప మళ్ళీ గేటు ముందు నిలబడేది. అదే లోడు, నంబరు పలక వేరు. తీగతో కట్టిన పలక. పై నుంచి చీటీ వచ్చేది, తూయమని. రోజుకు నాలుగుసార్లు. రిజిస్టరులో నాలుగు లారీల ఇనుము. యార్డులో దిగింది ఒకటి.

నాకు బడి చదువు లేదని నీకు తెలుసు. గుడ్డల తానుల మీద, లారీల వెనక ఉన్న అక్షరాలు చూసి నేర్చుకున్నవాణ్ణి. రిజిస్టరు వాళ్ళది. నా పుస్తకం నాది. అందులో చూసింది చూసినట్టు రాసేవాణ్ణి. "చేప, రెండోసారి. చేప, నాలుగోసారి." మొదట్లో అర్థం కాలేదు. రెండో నెలకు అర్థమైంది. ఇనుము స్తంభాల్లోకి పోవడం లేదు.

ఒకసారి సూపర్‌వైజర్ని అడిగాను. కోప్పడలేదు. టీ ఇప్పించాడు. "ఎంత ఇనుము పట్టాలో లెక్క కట్టడానికి చదువుకున్న ఇంజినీర్లున్నారయ్యా. నువ్వు బడి మొహం చూడలేదు. అయినా నీకు కుర్చీ ఇచ్చాం" అన్నాడు. నేను టీ తాగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

వంతెన తెరిచిన వారం మీ ఇంట్లో భోజనం చేశాను. బావ కొత్త రూటు వచ్చిందని చెప్పాడు. వంతెన మీదుగా. ఇకనుంచి పావుగంట ముందే ఇంటికొస్తానన్నాడు. "ఆ పావుగంట నాకేం ఒరగబెడతావు" అన్నావు నువ్వు. గిన్నెలు తోముతానన్నాడు. "నువ్వు తోమితే మళ్ళీ తోముకోవడానికి నాకు అరగంట" అన్నావు. ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను అక్కా. ఆ మాట నా పళ్ళ దాకా వచ్చి ఉంది. బావా, దాని మీద వెళ్ళకు. అంతే మాట. ఐదు మాటలు కూడా లేవు.

ఐదు నెలలు ఆ మాట అక్కడే ఉంది. ఆదివారం వచ్చినప్పుడల్లా నీ కుట్టుగదిలో స్టూలు మీద కూర్చుని, నువ్వు కాజా కుడుతుంటే కుట్లు లెక్కపెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. ఒక్కో కాజాకు ఇరవై ఎనిమిది కుట్లు. నువ్వేమో, వీడికి నా పనంటే ఎంత ఇష్టమో అనుకునేదానివి.

ఆ భోజనం చేసిన రోజు ఇంటికెళ్ళి నా పుస్తకంలో ఏం రాశానో తెలుసా. "బావకు కొత్త రూటు" అని రాశాను. ఆ పుస్తకం ఇప్పుడు ఆఫీసర్ల బీరువాలో ఉంది. ఆ పేజీని కోర్టులో నా చేతే చదివిస్తారు. దానికి ముందు నీకు నేనే చెప్పాలనుకున్నాను.

క్షమించమని రాయడం లేదు. అడిగావు, చెప్పాను. నేనే.

నువ్వు ఏమన్నా సరే, నీ మాటల్లో రాయి.

తమ్ముడు

*

కుట్టుగది,
గురువారం

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు ఇన్నాళ్ళు ఎంత బరువు మోశావో తలచుకుంటే గుండె తరుక్కుపోతోంది. తప్పు నీది కాదు. ఇనుము దొంగిలించిన వాళ్ళది. నువ్వు ఒక చిన్న ఉద్యోగివి, భయపడ్డావు. ఎవరైనా భయపడతారు.

నేను నిన్ను మనస్ఫూర్తిగా క్షమించాను. మీ బావ కూడా క్షమించి ఉంటారు. ఈ విషయం ఇక మనసులో పెట్టుకోవద్దు. ధైర్యంగా సాక్ష్యం చెప్పు. నిద్ర పడుతోందా? వేళకు భోజనం చేస్తున్నావా?

నా ఆరోగ్యం బాగుంది. నా గురించి దిగులు పడకు.

ప్రేమతో,
అక్క

*

ఉన్న చోటు,
తొంభై ఏడో రోజు

అక్కా,

నీ ఉత్తరం మొన్న అందింది. మూడుసార్లు చదివాను. మంచి ఉత్తరం.

నిద్ర పడుతోంది. భోజనం చేస్తున్నాను.

చొక్కాకు కాజాలు అయ్యాయా? తొందరేం లేదు. కోర్టు రోజుకు అందకపోయినా పాత చొక్కాతో వెళ్తాను. నువ్వే కుట్టు.

తమ్ముడు

*

కుట్టుగది,
ఆదివారం

ప్రియమైన తమ్ముడూ,

చొక్కా పూర్తయింది, పంపుతున్నాను. ప్రతి కుట్టులోనూ నా ఆశీస్సులు ఉన్నాయనుకో. ఎల్లుండి కోర్టులో నువ్వు నిలబడినప్పుడు నేను నీ పక్కనే ఉన్నట్టు భావించు. భయపడకు. నిన్ను చూసి నేను ఎంతో గర్వపడుతున్నాను.

ప్రేమతో,
అక్క

*

ఉన్న చోటు,
నూట పద్నాలుగో రోజు

ఉత్తరాలు రాసే ఆఫీసరు గారికి,

ఈ ఉత్తరానికి నకలు అక్కర్లేదు. ఇది మీకే.

మొన్న కోర్టులో రెండు రోజులు మాట్లాడాను. నా జీవితం మొత్తంలో మాట్లాడినదానికన్నా ఎక్కువ. చేప గురించి చెప్పాను, నంబరు పలకల గురించి చెప్పాను. కాంట్రాక్టరు లాయరు నా ఎదుటే నా పుస్తకం తెరిచి, "బావకు కొత్త రూటు" అన్న పేజీ చదవమన్నాడు. చదివాను. "అంటే ప్రమాదముందని నీకు ముందే తెలుసు, సొంత బావనే ఆపలేదు, నీ మాట ఎందుకు నమ్మాలి" అన్నాడు. తెలుసు, ఆపలేదు అన్నాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, లారీ బరువు మాత్రం అంతే అన్నాను.

ఆ చొక్కానే వేసుకుని వెళ్ళాను.

అది కోర్టుకు ముందురోజు వచ్చింది. ముందు చేతులు చూశాను. ఎడమది అరంగుళం పొట్టి. అక్క చెయ్యే. కాలరు అక్కది. అంచులు టీచరమ్మవి కావచ్చు, సరే. తర్వాత గుండీలు పెట్టబోతే ఏడు కాజాలూ మిషన్ మీద కొట్టినవి.

అక్క చెయ్యి విరిగినా ఆ పని చెయ్యదు. మిషన్ కాజాతో చొక్కా పంపడం కన్నా కాజాల్లేకుండానే పంపి, పిన్నీసులు పెట్టుకోరా అని రాసేది.

అంతకుముందే నాకు అనుమానం ఉంది మేడమ్. నా ఉత్తరానికి జవాబు పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఇలా వచ్చేది. ఆ పెద్ద ఉత్తరానికి మాత్రం పన్నెండు రోజుల్లో వచ్చింది. మధ్యలో ఒక మజిలీ తగ్గితే తప్ప లారీ అంత తొందరగా రాదు. అయినా నేను మామూలుగానే జవాబు రాశాను. ఎందుకంటే మళ్ళీ ఒక ఉత్తరం వస్తుందని.

ఇంకా ఒకటుంది. మీరు రాసిన అక్క చాలా మంచిది. మా అక్క అంత మంచిది కాదు. నన్నెప్పుడూ బంగారు అనలేదు. "నేనే" అని నేను చెబితే, ఆమె వెంటనే సరే అనేది కాదు. నన్ను నిలబెట్టి, ఎన్ని రోజులు, ఎందుకు, అని ఒక్కొక్కటే అడిగేది. ఏడాదైనా మాట్లాడేది కాదేమో. ఆ ఏడాది నేను ఆమె గుమ్మం ముందు కూర్చునేవాణ్ణి.

రెండు సంగతులు చెప్పండి. ఏ రోజు? నా ఉత్తరం ఆమె చదివిందా?

కాటాబాబు

*

ఆఫీసు,
శుక్రవారం

కాటాబాబు గారికి,

మీరు వెళ్ళిన తొంభయ్యో రోజు, పొద్దున తొమ్మిది గంటలకు.

చదవలేదు.

మీ అక్క గారికి గుండె కవాటం పాడైంది. మీకు ఆయాసం అని రాసినప్పటికే డాక్టర్లు ఆపరేషన్ అన్నారు. మీ సాక్ష్యం అయ్యాక చేయించుకుంటానన్నారు. ఆఖరి ఉత్తరం ఆమె ఆసుపత్రి మంచం మీద నుంచి రాశారు. పైన 'కుట్టుగది' అని వేయమన్నారు. "మంచమెక్కానని తెలిస్తే వాడు గోడ దూకి వచ్చేస్తాడు, ఇంకో చెయ్యి కూడా విరగ్గొట్టుకుంటాడు" అన్నారు.

మీ పెద్ద ఉత్తరం ఎనభై మూడో రోజే నాకు అందింది. అందులో కేసుకు సంబంధించిన సంగతి ఉంది కాబట్టి నకలు రాసి ఇచ్చే ముందు పై ఆఫీసరుకు, ప్రభుత్వ లాయరుకు చూపించాలి. అది రూలు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను రోజూ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. నేను గదిలోకి అడుగు పెట్టగానే "ఉత్తరం వచ్చిందా?" అని అడిగేవారు. మీ ఉత్తరం నా టేబుల్ సొరుగులో ఉండేది. ఇంకా రాలేదమ్మా అని చెప్పేదాన్ని. ఆరు రోజులు అలా చెప్పాను. ఏం రాశారో నాకు తెలుసు. నోటితో చెప్పేస్తే సరిపోయేది. ఒక నిమిషం పని.

ఆఖరి సాయంత్రం ఆమె అడగలేదు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని సుద్దముక్కతో కాజాలకు గుర్తులు పెడుతున్నారు. ఏడు గుర్తులు. సూదికి దారం నన్నే ఎక్కించమన్నారు. నేనే ఉండబట్టలేక, మీ తమ్ముడు రాస్తారమ్మా అన్నాను. "తెలుసు. వాడు అబద్ధం చెప్పడు, ఆలస్యంగా చెబుతాడు. ఐదో రోజు రావాలి వాడికి" అన్నారు. చెబితే ఏమంటారమ్మా అని అడిగాను. సూదిని డబ్బాలో పెట్టారు. "ముందు చెప్పనీ" అన్నారు.

అంతకన్నా ఒక్క మాట కూడా అనలేదు. నేను కల్పించడం లేదు. ఇకమీదట కల్పించను.

ఆమె పోయిన సంగతి కోర్టు అయ్యేదాకా మీకు చెప్పవద్దన్నది పై ఆఫీసరు. ఉత్తరాలు ఆగకూడదన్నదీ ఆయనే. క్షమించానని రాయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేనే రాశాను. మీ కోసం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట నాకు ఎవరైనా చెబితే బాగుండుననే రాసినట్టున్నాను.

కాజాలు మా ఆఫీసు వీధిలో టైలరు చేత వేయించాను. మీకు వేళకు అందాలని. నాకు తెలియలేదు.

మీ అక్క గారి చేతిరాతలో ఉన్న అసలు ఉత్తరాలు మూడూ దీంతో పంపుతున్నాను. రూలు ప్రకారం పంపకూడదు. సూది డబ్బా కూడా ఉంది. దారం ఎక్కించిన సూది అలాగే ఉంది.

ఉత్తరాలు రాసే ఆఫీసరు

*

ఉన్న చోటు,
నూట ఇరవై ఆరో రోజు

మేడమ్,

ఉత్తరాలు, డబ్బా అందాయి. అక్క రాత ఇంత వంకరగా ఉంటుందని మర్చిపోయాను. మీ నకళ్ళు చదివీ చదివీ గుండ్రంగా ఉన్నట్టు గుర్తుండిపోయింది.

మిమ్మల్ని నేను ఏమీ అనను. అనే మనిషి అక్క. ఆమె అనకుండా వెళ్ళిపోయింది కాబట్టి మీరూ నేనూ ఇలాగే ఉండాలి. మీరు ఆరు రోజులు చెప్పలేదు. నేను ఎన్ని రోజులు చెప్పలేదో నా పుస్తకంలో ఉంది, కోర్టువాళ్ళ దగ్గర. మనిద్దరి సొరుగుల్లోనూ మాట ఉంది, ఎదురుగా మనిషి ఉంది. మీరు రాసిన ఆ మంచి ఉత్తరం మాత్రం పారెయ్యలేదు. అది అక్కది కాదు. అయినా ఎవరో ఒకరు రాశారు కదా.

వచ్చే నెల నుంచి కాపలా తీసేస్తారట. పాత పేరు తిరిగి ఇస్తామన్నారు. తెలిసీ చెప్పనందుకు నా మీద కూడా కేసు ఉంటుందని పొడుగు ఆఫీసరు చాలా ఇబ్బంది పడుతూ చెప్పాడు. ఉండాల్సిందేనన్నాను. ఆయన తూకం మూడు కిలోలు తగ్గింది, చూడండి.

నిన్న కూర్చుని చొక్కాకున్న మిషన్ కాజాలు ఏడూ విప్పాను. గుడ్డ చిరగకుండా విప్పడానికి పొద్దంతా పట్టింది. కుట్లు ఊడాక చూస్తే కింద అక్క సుద్ద గుర్తు సన్నగా ఇంకా ఉంది. కాలరు దగ్గరిది మాత్రం చెరిగిపోయింది.

ఇవాళ ఆమె ఎక్కించమన్న దారంతోనే మొదటిది మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టినవాణ్ణి, చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఇరవై ఎనిమిది కుట్లు రావాలి. నాకు పంతొమ్మిదే పట్టాయి, ఒక పక్కకు ఒరిగింది. గుండీ అయితే దూరుతోంది. బయటి మనుషులు చూస్తే పర్లేదంటారు.

అక్క చూస్తే విప్పమనేది. విప్పాను. మళ్ళీ మొదలుపెట్టాను.

కాటాబాబు